గోరీ మీద పలక

పోయిన వారం హజరత్తయ్యను గూడూరు బస్సెక్కించి, చేతిలో తువ్వాలు మూట పెట్టి వదిలేశాం. పాపం, అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి వారం రోజులుగా ఆ బస్సులోనే కూర్చుని ఉన్నాడనుకునేరు! మనకు వారమైంది గానీ ఆయనకు అయింది గంటంబావే. ఆ గంటంబావులోనే సీటు మూడుసార్లు మారాడు. కండక్టరు విసుక్కుని, "పెద్దాయనా, యాడ కూర్చున్నా బస్సు గూడూరికే పోతాది" అన్నాడు కూడా.

కుదురుగా కూర్చోలేకపోవడానికి కారణం ఉంది. ఉప్పలమిట్టలో వాళ్ళ చేలో ఒక గోరీ ఉంది. గాలివానలో ఊరికి కొట్టుకొచ్చి కన్నుమూసిన ఫకీరుదని తాత రమణయ్య చెప్పిపోయాడు. ఇంటిల్లిపాదీ దాన్ని మస్తాన్ తాత అని పిలుస్తారు. పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండని పెంచలమ్మ ఆ గోరీకి మొక్కుకుంటే పుట్టినవాడు కాబట్టి ఈయన హజరత్తయ్య అయ్యాడు. నాలుగేళ్ళ తర్వాత తమ్ముడు ఏ మొక్కూ అక్కర్లేకుండానే పుట్టాడు. అందుకే గిరిబాబు అనే మామూలు పేరు దక్కింది, గోరీ అంటే పట్టింపూ లేకుండా పోయింది.

ఆ గిరిబాబే చేలో రొయ్యల గుంట తవ్విస్తాననీ, గోరీని పక్కకు జరిపిస్తాననీ అన్నాడు. గోరీని జరపడమేమిటి, మంచమా? అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. చివరికి హజరత్తయ్య ఒక బేరం పెట్టాడు. చేను, గోరీ నాకు వదిలెయ్, పాతింట్లో నా సగం నువ్వు తీసుకో అన్నాడు. సోమవారం నాడు సంతకాలైపోయాయి. తల్లి పెంచలమ్మకు ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ కాగితం సంగతి తెలిసినప్పటి నుంచి పెద్దకొడుకుతో పలకడం మానేసింది. కాపురానికొచ్చిన ఇల్లు కదా, బాధ ఉంటుందిలే అని ఆయన సరిపెట్టుకున్నాడు. ఇవాళ గురువారం. పాతింటిని పడగొట్టడానికి ఇవాళే జేసీబీ వస్తోంది. కళ్ళతో చూడలేక కూడా బయల్దేరాడు మనవాడు.

ఇక మూటలో ఉన్నది తాపీ. మంగళవారం నాడు గోరీ మరమ్మత్తుకని గూడూరు నుంచి సిలార్ మేస్త్రిని పిలిపించాడు. సిలార్ పొద్దుటి నుంచీ పాత సున్నం గీకాడు, గునపం పెట్టి ఏదో చూశాడు, మొహం తెల్లబోయింది. "మళ్ళీ వస్తా అన్నా" అని బండెక్కి పోయాడు. తాపీ అక్కడే వదిలేశాడు. తాపీ మేస్త్రి తాపీ మరిచిపోయాడంటే మంగలి కత్తి మరిచిపోయినట్టే. రెండు రోజులుగా ఫోను చేస్తుంటే ఎత్తడం లేదు.

అదిగో, బస్సు దిగాడు.

నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులో సిలార్ ఇల్లు. బస్తాలు దింపుతున్న లారీల మధ్య నుంచి, పులుపు వాసన ముక్కుకు కొడుతుండగా, హజరత్తయ్య పరుగులాంటి నడకతో పోయి తలుపు కొట్టాడు. తీసింది సిలారే. రెండు రోజుల గడ్డం. పనికి పోయిన వాలకం లేదు.

"నీ తాపీ," అని హజరత్తయ్య మూట చాచాడు.

సిలార్ దాన్ని అందుకోలేదు. "నువ్వు రాకుంటే బాగుండు అనుకున్నా అన్నా. వస్తే బాగుండు అని కూడా అనుకున్నా."

"రెండూ ఒకేసారి ఎట్లా అనుకుంటావబ్బా? ఫోనెందుకు ఎత్తలా? ఏం చూసినావు ఆడ?"

"ఎవర్రా అది? ఉప్పలమిట్టాయనేనా?" లోపలి నుంచి ముసలి గొంతు వినిపించింది. "లోపలికి రమ్మను. వాకిట్లో మాట్లాడే మాటలు కాదు."

ఆమె సిలార్ తల్లి, షాజాదీ బేగం. ఎనభై దాటిన మనిషి. నులక మంచం మీద దిండుకు ఆనుకుని, రోట్లో తమలపాకు దంచుకుంటోంది. హజరత్తయ్యను పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది. పెళ్ళికొడుకును చూసినట్టు అంతసేపు చూడటమేమిటా అని ఆయనకు ఇబ్బందిగా అనిపించింది. స్టూలు మీద కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"కూర్చో నాయనా. నువ్వు నిలబడితే నాకు ఆయాసంగా ఉండాది," అందామె. "మీ గోరీకి ఎన్నేళ్ళ నుంచి సున్నం కొడతా ఉండారు?"

"మా తాత కాడి నుంచి. ఏడాదికొక పూత, తప్పకుండా."

"తొంబై పూతలు పైనే ఉండాయన్నా," అన్నాడు సిలార్. "గీకితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. పైన నడిమధ్యలో దిమ్మె మాదిరి ఉండాది చూడు, అది పాతది కాదు. ఎవురు కట్టినారు?"

"మా నాయన కట్టినాడు. మధ్యలో పల్లంగా ఉంటే వాన నీళ్ళు నిలుస్తా ఉండాయని సున్నంతో పూడ్చి, పైన దిమ్మె కట్టించినాడు. అప్పుడు నేను చిన్నోడిని. నేనే నీళ్ళు మోసినా. ఏం, తప్పా?"

సిలార్ తల్లి వంక చూశాడు. ఆమె రోకలి పక్కన పెట్టింది.

"అది పల్లం కాదు నాయనా. పలక."

"పలకేంది?"

"మా వాళ్ళలో మగోళ్ళ గోరీ మీద కలం కడతారు, గట్టు మాదిరి, ఎత్తుగా. ఆడోళ్ళ గోరీ మీద పలక పెడతారు, చదునుగా. రాసేది ఆయన, రాయించుకునేది ఆమె అంట. నాకైతే ఆ మాట ఎప్పుడూ నచ్చలా. అయినా పద్ధతి పద్ధతే. మీ మస్తాన్ తాత మగమనిషి కాదు. ఆడమనిషి."

ఏటా ఉరుసు అని పేరు పెట్టి ఆ తలరాయికి పచ్చ పట్టు తలపాగా చుట్టేది ఈ చేతులే. పోయిన ఏడాది మదరాసు నుంచి తెప్పించిన జరీ తలపాగా! ఊళ్ళో పిల్లకాయలందరూ "తాతా, పాస్ చెయ్యి తాతా" అని పరీక్షల ముందు దండం పెట్టుకునేది ఒక ఆడమనిషికా?

"తలపాగా చుట్టినామమ్మా ఆమెకు," అన్నాడు ఏడుపుగొంతుతో. "తొంబై ఏళ్ళు!"

షాజాదీ బేగం పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, సిలార్ నీళ్ళు పట్టాల్సి వచ్చింది. "ఏం పోయిందిలే! ఎండకు చల్లగా ఉండుంటాది," అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఒక్కసారిగా నవ్వు ఆపేసింది.

"మీ పాతిల్లు ఎవురు కట్టినారో తెలుసునా నీకు?"

"గూడూరు మేస్త్రి ఒకాయన అంటారు."

"ఆ గూడూరు మేస్త్రి మా తాత. ఇంట్లో పడమటి గదిలో, పడమటి గోడకు ఒక గూడు ఉండాది. మనిషి కూర్చుంటే కళ్ళకు నేరుగా ఉంటాది. లోపల ఎడమ పక్కన పొగ పోయేదానికి చిటికెన వేలంత కంత. ఉండాదా, లేదా?"

ఉంది. మసిబారిన ఆ గూడు, ఆ కంత హజరత్తయ్యకు తన అరచేయంత బాగా తెలుసు. గురువారం పూట పెంచలమ్మ అందులో దీపం పెట్టడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు. ఈ షాజాదీ బేగం చూస్తే ఏనాడూ ఉప్పలమిట్ట మొహం చూసింది లేదు.

"మీకెట్లా తెలుసు?"

"మా నాయన చెప్పినాడు, పోయే ముందు. ఇల్లు కట్టేటప్పుడు మా తాతకు సున్నం అందించేదానికి కూతురు కూడా పోయింది. జైనబ్బీ. మా నాయనకు అక్క. ఇల్లు సగం లేచేసరికి ఆమెకూ మీ తాత రమణయ్యకూ మనసు కలిసింది. మా తాతకు తెలిసింది. కొట్టినాడు, ఏడ్చినాడు, రెండు రోజులు అన్నం ముట్టలా. ఆమె రానంటే రానంది. ఇంకేం చేస్తాడు? పడమటి గోడలో ఆ గూడు తెరిచిపెట్టినాడు. నమాజుకు ఈ వైపు తిరుగు తల్లీ, అని చెప్పి పనిముట్లు సర్దుకుని వచ్చేసినాడు. నిఖా అయిందో, మీ పద్ధతిలో తాళి కట్టినాడో, రెండూ జరిగినాయో నాకు తెలవదు. రెండేళ్ళు కాపురం చేసింది. ఒక కొడుకు పుట్టినాడు."

బయట లారీ ఏదో రివర్సు తీసుకుంటూ కూతపెడుతోంది.

"ఆ కొడుకు పేరు చంద్రమౌళి."

హజరత్తయ్య స్టూలు మీంచి లేచిన తీరుకు స్టూలే పడిపోయింది.

"మా నాయన పేరది!"

"మీ నాయనే. మీరు నాయనమ్మ నాయనమ్మ అనుకున్నామె తర్వాత వచ్చినామె. మంచిదే పాపం, కడుపులో పెట్టుకుని సాకింది. కన్నది మాత్రం మా మేనత్త. మీ నాయన నాకు బావ అయితాడు. వరసకు నేను నీకు పిన్నమ్మను." ఆమె రోటిని పక్కకు నెట్టింది. "పల్లం పూడ్చినాడంటివే మీ నాయన. కన్నతల్లి గోరీ మీద పలకను, తెలవక, కొడుకే పూడ్చినాడు."

హజరత్తయ్య గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. గోడను పట్టుకున్నాడు. ఎందుకో తెలియకుండానే కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, వాటిని ఆపాలని కూడా అనిపించలేదు. ఆ గోరీ ఎవరిదో కనుక్కోవాలని పదేళ్ళుగా ఎన్ని గడపలు తొక్కాడు! నెల్లూరు దర్గాల్లో అడిగాడు, కావలి దాకా పోయి ముసలివాళ్ళను పలకరించాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా. బాధకన్నా ముందు ఒక పెద్ద సంతోషం గుండెలోంచి పొంగుకొచ్చింది. లోకమంతా తనను చూసి నవ్వింది, బంగారంలాంటి ఇంటిని వదిలి సున్నపు దిబ్బను పట్టుకున్నాడని. ఇప్పుడు నవ్వమనండి!

"పిన్నమ్మా!" అన్నాడు, ఆ పిలుపు మొదటిసారి నోట్లోకి రావడంతో ఇంకాస్త ఏడ్చి. "నేను పిచ్చోడినేం కాదన్నమాట. ఇల్లు పోతే పోయింది, మా నాయనమ్మను దక్కించుకున్నా!"

"ఇల్లు పోవడమేంది?" అన్నాడు సిలార్.

"చెప్పలేదు కదూ నీకు. గోరీ కోసం పాతింట్లో నా సగం గిరిబాబుకు రాసిచ్చేసినా. ఇయ్యాళ పడగొడతా ఉండాడు. జేసీబీ పదకొండింటికి వస్తాదని చెప్పినాడు."

చూడాలి అప్పుడు ఆ తల్లీకొడుకుల మొహాలు. సిలార్ గోడ గడియారం వంక చూశాడు. పదకొండూ ఇరవై. షాజాదీ బేగం మంచం పట్టె పట్టుకుని లేవబోయి లేవలేకపోయింది.

"చెప్పు రా," అని కొడుకు మీద అరిచింది. "నాన్చకుండా చెప్పు! మంగళవారం నువ్వు చూసింది చెప్పు!"

"అన్నా, మరమ్మత్తుకు ముందు పునాది చూసుకోవాల. పక్క నుంచి గునపం దించి చూసినా," సిలార్ గబగబా చెప్పుకుపోయాడు. "తవ్వి పూడ్చిన మన్ను వందేళ్ళయినా గుల్లగానే ఉంటాది. గునపం దిగతాది. ఇది దిగలా. నాలుగు పక్కలా చూసినా, యాడా దిగలా. ఆ గోరీ కింద ఉండేది ఎన్నడూ ఎవురూ తవ్వని నేల. నీకెట్లా చెప్పాలో తెలవక అమ్మీ కాడికి పరిగెత్తుకొచ్చినా."

"అంటే?"

"ఆ గోరీలో ఎవురూ లేరన్నా."

"నువ్వు తప్పు చూసుంటావు," అన్నాడు హజరత్తయ్య కోపంగా. "పదేళ్ళు నేను వెతికినా, తొంబై ఏళ్ళు మేం దీపం పెట్టినాం. ఎవురూ లేకపోవడమేంది? మరి ఆమె యాడ ఉండాది?"

"గాలివాన ఏడు పోయింది నాయనా ఆమె," షాజాదీ బేగం గొంతు తగ్గించింది. "జ్వరం. బయట నాలుగు రోజులు నీళ్ళు. ఉప్పుటేరు పొంగి చేలు, దారులు, అన్నీ సముద్రమైపోయినాయి. మిట్ట మీద మీ ఇల్లొకటే పొడిగా మిగిలింది. పోయినోళ్ళను మేము ఎక్కువసేపు ఉంచకూడదు. రమణయ్య ఎవురినీ రానీకుండా తనే తవ్వినాడు. యాడ తవ్వతాడు? గూటి కింద తవ్వినాడు, పడమటింట్లో. నీళ్ళు తీసినాక మా తాత వచ్చినాడు, తీసకపోయేదానికి. మళ్ళీ మనసొప్పలా. పడుకున్న మనిషిని లేపకూడదన్నాడు. ఇంట్లో గోరీ ఉందంటే ఆ ఇంటికి ఎవురొస్తారు, ఆ బిడ్డను ఎవురు చూస్తారు? అందుకని చేలో గుర్తు కట్టి, ఫకీరు కథ చెప్పినారు. అబద్ధం చెప్పినా పలక మాత్రం నిజమే పెట్టినాడు మా తాత. ఎవురన్నా తెలిసినోళ్ళు చూస్తే అర్థమయ్యేదానికి."

హజరత్తయ్యకు ఇంక చెప్పనక్కర్లేదు. పడమటింట్లో మంచం వేయకూడదు. వడ్లబస్తాలు తప్ప ఏమీ పెట్టకూడదు. చిన్నప్పుడు ఆ గదిలో గంతులేస్తే అమ్మ వీపు విమానం మోత మోగించేది, వేరే గదుల్లో ఇల్లు పీకి పందిరేసినా ఒక్కమాట అనేది కాదు. గురువారం దీపం. సోమవారం నుంచి అమ్మ మౌనం. ఇల్లు పోతోందని కాదు ఆమె అలిగింది. తను సంతకం పెట్టి ఇచ్చేసింది ఇంటిని కాదు.

ఫోను తీశాడు. కంగారులో తమ్ముడి నంబరుకు బదులు ఎరువుల కొట్టువాడికి పోయింది. పెట్టేసి మళ్ళీ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. సిలార్ ఈలోగా చొక్కా తగిలించుకుని బండి తాళాల కోసం మేకులన్నీ తడుముతున్నాడు. ముసలామె కళ్ళు మూసుకుని ఏదో జపించుకుంటోంది. మూడోసారి గిరిబాబు ఎత్తాడు. ఫోనులోంచి ముందు మాట రాలేదు, జేసీబీ ఇంజను మోత వచ్చింది.

"గిరీ! ఆపు! ముందు మిషను ఆపు!"

"నువ్వే చేసినావా, మంచిదైంది!" గిరిబాబు అరుస్తున్నాడు. "ఏందన్నా ఈ గోల! వసారా పోయింది, వంటిల్లు పోయింది, ఇంక పడమటిల్లొకటే ఉండాది. అమ్మ పోయి ఆ గది నట్టనడుమ కూర్చునింది. కొంగు పరుచుకుని కూర్చునింది. లేవమంటే లేవదు. పైన కప్పు సగం ఊడి వేలాడతా ఉండాది."

"అమ్మా? ఏమంటా ఉండాది అమ్మ?"

"ఏమంటాది! మతిపోయిన మాటలు. 'మా అత్త మీద గునపం పడనీను' అంటాది. ఏ అత్త? మన నాయనమ్మను మనమిద్దరమే కదన్నా మోసుకపోయి కాల్చినాం! ఊరంతా చేరి చూస్తా ఉండారు, నా పరువు పోతా ఉండాది. డ్రైవరు ఇంకోచోటికి పోవాలంట, ఆగనంటాడు. ఇద్దరాడోళ్ళను పంపి రెక్క పట్టి లేపమంటా ఉండా..."

"ఎవురూ ముట్టుకోవద్దు అమ్మను!"

"ముట్టుకోక? కాగితం రాసిచ్చింది నువ్వు. ఇప్పుడు ఆపమంటా ఉండేదీ నువ్వే. సరే, స్పీకర్లో పెడతా ఉండా. అందరూ ఉండారు, మన మేనమామలు కూడా ఉండారు. ఎందుకు ఆపాలో నువ్వే చెప్పు, వాళ్ళనే విననీ."

టక్కుమని శబ్దం మారింది. ఇప్పుడు ఇంజను మోతతో పాటు జనం గుసగుసలు, ఎవరిదో దగ్గు వినిపించాయి. కోడలికి తప్ప ఎవరికీ చెప్పకుండా రమణయ్య దాచిన మాట, చంద్రమౌళి తెలుసుకోకుండానే పోయిన మాట, పెంచలమ్మ కొడుకులకు కూడా చెప్పని మాట. ఊరిముందు ఒకసారి అన్నాక మళ్ళీ వెనక్కి తీసుకునేది కాదు. హజరత్తయ్య షాజాదీ బేగం వంక చూశాడు. ఆమె కళ్ళు తెరిచి, చెప్పమన్నట్టు తల ఊపింది.

"గిరీ," అన్నాడు. "అమ్మకు మతి పోలా. అమ్మ చెప్పేది నిజం. మనం కాల్చినామె మన నాయనను పెంచిన తల్లి. కన్నతల్లి గూడూరు మేస్త్రి కూతురు, జైనబ్బీ. అమ్మ కూర్చున్న ఆ నేల కింద పండుకొని ఉండేది ఆమె."

అవతలి వైపు గుసగుసలు ఆగిపోయాయి. దగ్గుతున్న మనిషి కూడా ఆపేశాడు.

"గిరీ? విన్నావా? గిరీ!"

ఎవరూ పలకలేదు. ఇంజను మాత్రం ఆగలేదు.